ఇంటి కార్డు – అంగడి కార్డు

మన పాతకాలపు వర్తకులకు ఒక మంచి అలవాటు ఉండెడిది. అంగడి తమదే, గల్లా పెట్టె తమదే, అందులోని రూకలును తమవే. అయినను ఇంటికి బియ్యము కొనుటకై పది రూపాయలు తీసినచో, చిట్టాలో "సొంతవాడకము" అని పద్దు వ్రాసిన పిదపనే పెట్టె మూసెడివారు. తన డబ్బు తాను తీసికొనుటకు పద్దు ఎందుకని కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు అడిగినచో, "డబ్బు నాదే గాని, లెక్క అంగడిదిరా" అని జవాబు చెప్పెడివారు. వ్యాపారములో నేర్వవలసిన మొదటి పాఠము ఈ ఒక్క మాటలో ఇమిడియున్నది.

నేడు గల్లా పెట్టె స్థానమును చాలవరకు కార్డును, ఫోనును ఆక్రమించినవి. సరకు తెప్పించుటకు ఏ కార్డో, పిల్లల చదువునకు రుసుము కట్టుటకు అదే కార్డు. దుకాణమునకు కరెంటు బిల్లు చెల్లించుటకు ఏ కార్డో, ఇంటికి చలువపెట్టె కొనుటకు అదే కార్డు. పద్దు వ్రాయకుండగనే డబ్బు కదలిపోవుచున్నది. అందువలన చిన్న వ్యాపారములు చేసికొనువారికి ఒక ప్రశ్న ఎదురగుచున్నది. సొంత పేరున ఉన్న క్రెడిట్ కార్డుతోనే వ్యాపారమును నడుపవచ్చునా? లేక వ్యాపారమునకై ప్రత్యేకముగ ఒక కార్డు తీసికొనవలెనా? ఈ ప్రశ్నను మనము కొంచెము నిదానముగ విచారింతము.

ముందుగా ఈ కార్డు పుట్టుక గూర్చి రెండు మాటలు చెప్పుకొనుట మంచిది. 1950లో అమెరికాలోని న్యూయార్కు నగరమున డైనర్స్ క్లబ్ అను సంస్థ ఒక కార్డును ప్రవేశపెట్టినది. ఆ కార్డు గలవారు కొన్ని భోజనశాలలలో తిని, సంతకము చేసి వెళ్ళవచ్చును. బాకీ మొత్తమును నెల తిరిగిన పిదప ఒక్కసారిగా తీర్చవలెను. దానిని మొదట ఎక్కువగ వాడినవారు పనిమీద తిరుగుచు, వ్యవహారములు నెరపుచు, విందుభోజనములకు ఖర్చు చేయు వ్యాపారస్థులే. అనగా కార్డు పుట్టుకలోనే వ్యాపార ఖర్చు ఉన్నదన్నమాట. తరువాత 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున మరియొక విధమైన కార్డును పంచినది. దానిలో బాకీ అంతయు ఒకేసారి తీర్చనక్కరలేదు. కొంత కట్టి, మిగిలినదానిని వడ్డీతో ముందునకు జరుపుకొనవచ్చును. మొదటిది వాయిదా మాత్రమే, రెండవది అప్పు. నేడు మన చేతులలో ఉన్న కార్డు ఈ రెండు స్వభావములను కలుపుకొనియున్నది. బాకీ పూర్తిగ తీర్చువానికి అది వాయిదా, తీర్చనివానికి అది అప్పు. ఈ భేదమును మనస్సునందుంచుకొన్నచో రాబోవు విషయములు తేలికగ బోధపడును.

మన దేశమున 1980లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టినది. మరుసటి సంవత్సరము, 1981లో, ఆంధ్రా బ్యాంకు ఆ పనికి పూనుకొన్నది. 1923లో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన బ్యాంకు ఇది. 2020 ఏప్రిల్ 1వ తేదీన ఇది యూనియన్ బ్యాంకులో విలీనమైనది. కనుక క్రెడిట్ కార్డు మన తెలుగువారికి నిన్న మొన్న వచ్చిన వింత వస్తువు కాదు. అయితే నాడు కొద్దిమంది చేతిలో ఉన్నది నేడు మండల కేంద్రములలోని చిల్లర వర్తకుల చేతికిని వచ్చినది. తేడా అంతయు అక్కడనే ఉన్నది.

సొంత కార్డు అనగా నేమో అందరికిని తెలిసినదే. ఒక వ్యక్తి ఆదాయమును, అతని పాత అప్పుల నడవడిని చూచి, అతని ఇంటి ఖర్చులకై బ్యాంకు ఇచ్చునది. వ్యాపార కార్డు అనగా వ్యాపార సంస్థలకుగాని, వ్యాపారము చేయు వ్యక్తులకుగాని వ్యాపార ఖర్చుల నిమిత్తమే ఇచ్చునది. 2022లో రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశములలో దీనికి ఈ అర్థమే చెప్పబడినది. వ్యాపారమునకై ఇచ్చిన ఓవర్‌డ్రాఫ్టు వంటి ఋణసౌకర్యమునకు దీనిని ముడిపెట్టియు ఇవ్వవచ్చునని ఆ ఆదేశములు పేర్కొన్నవి. ఆ సొమ్ము నిజముగ వ్యాపారమునకే ఖర్చగుచున్నదా అని కనిపెట్టు ఏర్పాటు బ్యాంకులకు ఉండవలెనని కూడ రిజర్వు బ్యాంకు చెప్పినది. కనుక వ్యాపార కార్డుతో పెండ్లి నగలు కొనుట తగదు. ఇంటి కార్డుతో అంగడి సరకు కొనుటయు ఆ విధముగనే తగదని చాలా బ్యాంకుల షరతులలో వ్రాసి ఉండును. చిన్న అక్షరములలో ఉండుటచేత మనము చదువము, అంతియే.

ఇప్పుడు ఒక చిన్న బట్టల వర్తకుని ఊహించుకొందము. ఒక తాలూకా పట్టణమున అతనికి దుకాణమున్నది. సూరత్ నుండి చీరలు తెప్పించును. అతనికి లక్ష రూపాయల పరిమితి గల సొంత కార్డు ఒకటి ఉన్నది. నెలకు 85,000 రూపాయల సరకును దానిపైననే తెప్పించుచున్నాడు. గడువు తేదీకి తప్పక మొత్తము కట్టుచున్నాడు. వడ్డీ పైసా లేదు. పైగా కార్డు ఇచ్చు బహుమతి పాయింట్లు ఇంటికి వచ్చుచున్నవి. చూడగా ఇంతకంటె తెలివైన ఏర్పాటు మరొకటి లేదనిపించును. అయితే దీనియందు మూడు చిక్కులు దాగియున్నవి.

మొదటి చిక్కు ఆదాయపు పన్ను లెక్కకు సంబంధించినది. ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరములో తన కార్డు బాకీల క్రింద నగదు కాక ఇతర మార్గములలో 10 లక్షల రూపాయలు, లేక అంతకు మించి చెల్లించినచో, ఆ సమాచారమును బ్యాంకు ఆదాయపు పన్ను శాఖకు పంపవలెను. నగదుగా అయినచో లక్ష రూపాయలకే ఈ నియమము వర్తించును. నెలకు 85,000 అనగా సంవత్సరమునకు 10,20,000. మన వర్తకుడు ఆదాయము నాలుగైదు లక్షలని చూపియుండును. శాఖవారి దృష్టికి ఇతడు తన ఆదాయమునకు రెండింతలు సొంతమునకు ఖర్చు చేయు మనిషిగ కనిపించును. అది సరకు కొన్న డబ్బు అని చెప్పుకొనవచ్చును, నిజమే. కాని చెప్పుటతో సరిపోదు, చూపవలెను. పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకొని, ఇది చీరల బేరము, ఇది పిల్లవాని చదువు, ఇది మందుల కొట్టు అని ఒక్కొక్క వరుసను విడదీయవలసివచ్చును. తప్పు చేయకుండగనే సంజాయిషీ చెప్పుకొను స్థితి ఇది.

రెండవ చిక్కు పరపతికి సంబంధించినది. మన అప్పుల నడవడిని లెక్కకట్టి ఉంచు సంస్థలు దేశమున ఉన్నవి. అందులో మొదటిది 2000 సంవత్సరమున ఏర్పడిన సిబిల్. 300 మొదలు 900 వరకు ఒక అంకె వేసి, దానిని బట్టి మనము నమ్మదగినవారమా కాదా అని ఇవి బ్యాంకులకు సూచించును. మొత్తము పరిమితిలో మనము ఎంత భాగము వాడుచున్నామనునది ఆ అంకెను నిర్ణయించు విషయములలో ఒకటి. లక్ష పరిమితిలో ప్రతి నెల 85,000 వాడువాడు, గడువునకు కట్టినను, అప్పుమీద ఆధారపడి బ్రతుకువానివలె కనబడును. రేపు ఇల్లు కట్టుకొనుటకు అతడు ఋణము కోరినప్పుడు ఈ నీడ వెన్నంటి వచ్చును. అంగడి భారమును ఇంటి పరపతి మోయుచున్నదన్నమాట.

మూడవ చిక్కు షరతులకు సంబంధించినది. ఒకే సూరత్ వ్యాపారికి నెలనెలా పెద్ద మొత్తములు పోవుచుండుట చూచి, ఇది ఇంటి వాడకము కాదని బ్యాంకు అనుమానింపవచ్చును. షరతులను బట్టి బహుమతులను నిలిపివేయవచ్చును, పరిమితిని తగ్గింపవచ్చును, కార్డునే నిలుపుదల చేయవచ్చును. సంక్రాంతి బేరములకు సరకు తెప్పించు నెలలోనే ఇది జరిగినచో ఆ వర్తకుని గతి ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ చిక్కులకు వ్యాపార కార్డు కొంతవరకు మందు. వ్యాపారపు ఖర్చంతయు ఒకచోటికి చేరును. స్టేట్‌మెంటే సగము చిట్టాగ ఉపకరించును. దుకాణములో పనిచేయు గుమాస్తాకు అనుబంధ కార్డు ఇచ్చి, ఇంతవరకే వాడవలెనని హద్దు పెట్టుటకు వీలుండును. పరిమితి సాధారణముగ కొంచెము హెచ్చుగ ఉండును. బ్యాంకు వసూలుచేయు వార్షిక రుసుముపైనను, వడ్డీపైనను 18 శాతము జి.ఎస్.టి. పడును. వ్యాపారపు జి.ఎస్.టి. సంఖ్యను బ్యాంకునకు ఇచ్చి, ఆ సంఖ్యతో బిల్లు పొందినచో, అర్హత గల వర్తకులు ఆ పన్నును తిరిగి సర్దుకొనవచ్చును. సొంత కార్డునకు ఈ వీలు సాధారణముగ ఉండదు.

అయితే ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలెను. వ్యాపార కార్డు తీసికొన్నచో, వ్యాపారము దెబ్బతిన్నను ఇంటికి ముప్పు రాదని కొందరు తలచుచున్నారు. ఇది సత్యము కాదు. మన చిన్న వర్తకులలో హెచ్చుమంది ఏకయజమానులు. చట్టము దృష్టిలో ఏకయజమానియు అతని అంగడియు ఒక్కటే. బోర్డుమీద ఏ పేరున్నను, అప్పు అతనిదే. అంగడి కార్డు బాకీకి అతని ఇల్లు, పొలము, నిలువ సొమ్ము అన్నియు జవాబుదారీ. భాగస్వామ్య వ్యాపారమైనచో 1932 నాటి భాగస్వామ్య చట్టము ప్రకారము సంస్థ అప్పునకు ప్రతి భాగస్వామియు పూర్తి బాధ్యుడు. ఒక భాగస్థుడు చేసిన ఖర్చు మరియొకని మెడకు చుట్టుకొనవచ్చును. కంపెనీ అయినచో అది యజమానుల కంటె వేరైన వ్యక్తిగ చట్టమున నిలుచును. కాని చిన్న కంపెనీలకు కార్డు ఇచ్చునప్పుడు బ్యాంకులు తరచుగ డైరెక్టరుచేత సొంత హామీ వ్రాయించుకొనును. హామీ సంతకము పడిన క్షణముననే ఆ గోడ కూలిపోవును. కనుక మేము చెప్పదలచిన ముఖ్యవిషయము ఇది: వేరు కార్డు లెక్కను వేరుచేయును గాని బాధ్యతను వేరుచేయదు. లెక్క వేరగుటయే గొప్ప లాభము. కాని దానిని కవచమని భ్రమించినవాడు మోసపోవును.

ఇక వడ్డీ మాట. ఏ కార్డయినను, గడువునాటికి మొత్తము తీర్చినచో కొనుగోళ్ళపై వడ్డీ ఉండదు. కొన్న తేదీని బట్టి 45 రోజులవరకు, కొన్ని కార్డులలో 50 రోజులవరకు, ఈ వెసులుబాటు దొరకును. సరకు తెచ్చి, అమ్మి, ఆ డబ్బుతోనే బాకీ తీర్చగల వర్తకునికి ఇది నిజముగ ఉపకారమే. కాని స్టేట్‌మెంటులో "కనీసము చెల్లించవలసినది" అను ఒక చిన్న అంకె ఉండును. చాలామంది మునిగిపోవునది ఆ అంకె దగ్గరనే.

ఒక లెక్క చూతము. బాకీ 40,000 రూపాయలు. వడ్డీ నెలకు మూడున్నర శాతమనుకొందము. కార్డు అప్పులలో ఇది వింత అంకె కాదు. సంవత్సరమునకు 42 శాతమన్నమాట. నెల వడ్డీ 1,400. దానిపై 18 శాతము జి.ఎస్.టి. 252. మొత్తము 1,652. బాకీ 41,652 అగును. అందులో 5 శాతము, అనగా ఇంచుమించు 2,083 రూపాయలు, కనీసపు సొమ్ముగ కట్టినాడనుకొనుడు. మిగిలిన బాకీ 39,569. కట్టినది రెండువేలకు పైగా. అసలు తగ్గినది 431 రూపాయలు మాత్రమే. అంతేకాదు. పాత బాకీ నిలిచియున్నంతకాలము కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్ననాటినుండియే వడ్డీ మొదలగును. కార్డుపై నగదు తీసికొన్నచో, బాకీ ఉన్నను లేకున్నను, తీసిననాటినుండి వడ్డీయే. పైన రుసుము వేరు.

ఈ లెక్కను వ్యాపారముతో కలిపి చూడుడు. ఆ 40,000 రూపాయల చీరలు అమ్ముడుపోవుటకు మూడు నెలలు పట్టినదనుకొందము. నూటికి పన్నెండు లాభము వేసికొన్నచో 4,800 రూపాయలు వచ్చును. ఈ మూడు నెలలలో, కనీసపు సొమ్ము మాత్రమే కట్టుచు వచ్చినచో, వడ్డీయు పన్నును కలిసి ఇంచుమించు 4,900 రూపాయలగును. మూడు నెలలు కొట్టు తెరచి, నిలుచుండి, మడతలు విప్పి, మడతలు పెట్టి, వచ్చిన లాభమంతయు బ్యాంకునకు పోయి, చేతినుండి మరి వంద పడినది. మన పెద్దలు "అప్పు చేసి పప్పుకూడు" అని ఎగతాళి చేసినారు. ఇక్కడ అప్పు మనది, పప్పుకూడు బ్యాంకుది.

ఈ వడ్డీకి హద్దు లేదా అని మీరు అడుగవచ్చును. 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ సంవత్సరమునకు 30 శాతమునకు మించి కార్డు బాకీలపై వడ్డీ గుంజుట అన్యాయమని తీర్పు చెప్పినది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివైచినది. వడ్డీరేట్ల వ్యవహారము కమిషన్ పరిధిలోనిది కాదని నిర్ణయించినది. కనుక న్యాయస్థానము వచ్చి కాపాడునని కూర్చుండుటకు వీలులేదు. మన జాగ్రత్తయే మనకు హద్దు.

కొందరు వర్తకులు పన్ను మినహాయింపుకొరకే వ్యాపార కార్డు తీసికొనుచున్నారు. ఇక్కడను కొంత స్పష్టత అవసరము. సరకుపై కట్టిన జి.ఎస్.టి.ని సర్దుకొనుటకు కావలసినది అమ్మినవారు మన జి.ఎస్.టి. సంఖ్యతో ఇచ్చిన పన్ను బిల్లు. ఏ కార్డుతో డబ్బు ఇచ్చినామనునది కాదు. కార్డు రసీదు డబ్బు పోయినదనుటకు సాక్ష్యము. బిల్లు దేనికి పోయినదనుటకు సాక్ష్యము. ఒకటి ఉండి రెండవది లేనిచో లెక్క కుంటిదే. ఆదాయపు పన్ను విషయములోను చట్టము ఖర్చు స్వభావమును చూచును గాని కార్డు పేరును కాదు. సొంత కార్డుపై కట్టిన వడ్డీయైనను, అది అంగడి సరకు కొరకేనని ఋజువు చేయగలిగినచో వ్యాపార ఖర్చే. వ్యాపార కార్డుపై కొన్న ఇంటి టీవీ వ్యాపార ఖర్చు కాజాలదు. చిక్కంతయు ఆ ఋజువులోనే ఉన్నది. కార్డు వేరుగ ఉన్నచో ఋజువు తేలికయగును.

మరొక విశేషము. అమ్మకముల మొత్తమునుబట్టి ఇంత శాతము లాభమని అంచనాగ చూపి పన్ను కట్టు సులభపద్ధతి చిన్న వర్తకులకు కలదు. నగదుగా వచ్చిన అమ్మకములపై 8 శాతము, బ్యాంకు ద్వారా వచ్చినవాటిపై 6 శాతము లాభముగ లెక్కింతురు. ఈ పద్ధతి ఎన్నుకొన్నవారు కార్డు వడ్డీనిగాని, వార్షిక రుసుమునుగాని విడిగ ఖర్చు వ్రాసికొనుటకు వీలులేదు. అట్లే జి.ఎస్.టి.లో కాంపొజిషన్ పద్ధతిలో ఉన్నవారికి పన్ను సర్దుబాటు లేదు. ఇట్టివారికి పన్ను లాభము చూపి కార్డు అమ్మజూపువారి మాట నమ్మదగినది కాదు. వారికి వ్యాపార కార్డు వలన కలుగు లాభము లెక్క శుభ్రతయే. అదియు తక్కువ లాభము కాదు.

నగదు విషయమున ఒక నియమము మాత్రము లెక్కలు వ్రాయు వర్తకులందరును గుర్తుంచుకొనదగినది. ఒకే రోజున ఒకే మనిషికి వ్యాపార ఖర్చుగ 10,000 రూపాయలకు మించి నగదు ఇచ్చినచో, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ ఖర్చు పన్ను లెక్కలో చెల్లదు. కార్డు ద్వారాగాని, బ్యాంకు ద్వారాగాని చెల్లించినచో ఈ బెడద లేదు.

గుమాస్తాలకు కార్డు ఇచ్చువారికి ఒక్క మాట. అనుబంధ కార్డుపై ఎవరు గీసినను బాకీ అసలు ఖాతాదారుదే. ఇంత మొత్తము, ఈ పనులకే, రసీదు ఆ సాయంకాలమే అప్పగింపవలెను అని ముందుగ కాగితముపై వ్రాసి సంతకము తీసికొనుట ఉభయులకును క్షేమము. పెద్ద కంపెనీలలో ఉద్యోగి పేరున కార్డు ఇచ్చునప్పుడు బాధ్యత కంపెనీదా, ఉద్యోగిదా, ఇద్దరిదా అను విషయమును ఉద్యోగి సంతకమునకు ముందే అడిగి తెలిసికొనవలెను. కంపెనీ కట్టకపోయినందున ఉద్యోగి పరపతికి మచ్చపడుట ఎంత అన్యాయమో వేరుగ చెప్పనక్కరలేదు.

మనవారు చాలామంది అమెరికాలో స్థిరపడి, దుకాణములు, చిన్న సంస్థలు నడుపుచున్నారు. వారి క్షేమము కోరి ఒక సంగతి ఇక్కడ చెప్పుచున్నాము. అక్కడ 2009లో కార్డుదారుల రక్షణకై ఒక చట్టము చేసినారు. వడ్డీ పెంచదలచినచో 45 రోజులు ముందుగ తెలుపవలెనని, పాత బాకీపై ఇష్టము వచ్చినట్లు వడ్డీ పెంచరాదని దానిలో ఉన్నది. కాని ఆ చట్టము సొంత కార్డులకే వర్తించును. వ్యాపార కార్డులకు వర్తించదు. కొన్ని బ్యాంకులు తమంతట తాము ఆ మర్యాదను పాటించవచ్చును గాని, పాటించి తీరవలెనను బలవంతము లేదు. కనుక అక్కడ వ్యాపార కార్డు తీసికొనువారు ఒప్పందపత్రమును రెండింతల శ్రద్ధతో చదువవలెను. ఒకే వస్తువునకు రెండు దేశములలో రెండు స్వభావములు ఉండవచ్చునని గ్రహించుటకును ఇది ఉపకరించును.

ఇంతవరకు చెప్పినదానినిబట్టి ఎవరికి ఏది తగునో నిర్ణయించుకొనవచ్చును.

ఇంటివద్దనే పచ్చళ్ళు పెట్టి అమ్ముకొను గృహిణి, నాలుగిళ్ళకు కుట్టుపని చేయు దర్జీ, ఇట్టివారికి నెలకు అయిదారువేల ఖర్చుండును. వారికి వ్యాపార కార్డు వెంటనే అవసరము లేదు. వ్యాపారమునకై విడిగ ఒక బ్యాంకు ఖాతా తెరచి, దాని డెబిట్ కార్డుతోనో, ఫోను ద్వారానో చెల్లించినచో చాలును. అప్పు లేదు, వార్షిక రుసుము బెడద పెద్దగ లేదు, లెక్క మాత్రము వేరుగ నిలుచును. ముందు ఖాతాను వేరుచేయుట, తరువాతనే కార్డు మాట.

నెలకు ముప్పది, నలుబది వేలకు పైగా క్రమముగ సరకు కొనుచు, దానిని గడువులోపల అమ్మి డబ్బు చేసికొనగలవారికి వ్యాపార కార్డు తగును. పనివారిచేత ఖర్చు చేయింపవలసినవారికి, జి.ఎస్.టి. సర్దుబాటునకు అర్హులైనవారికి మరియు తగును. 2025 ఫిబ్రవరిలో కేంద్ర ఆర్థికమంత్రి తమ బడ్జెటు ప్రసంగమున, ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన సూక్ష్మ సంస్థలకు 5 లక్షల రూపాయల పరిమితి గల ప్రత్యేక క్రెడిట్ కార్డులను ప్రకటించినారు. తొలి సంవత్సరమున 10 లక్షల కార్డులు ఇత్తుమన్నారు. అట్టి కార్డు కోరువారు ముందుగ తమ సంస్థను అందులో నమోదు చేయించుకొనుట మంచిది.

సరకు అమ్ముడగుటకు మూడు, నాలుగు నెలలు పట్టు వ్యాపారములకు, అనగా ఎరువులు, ఇనుపసామాను, పండుగ బట్టలు మొదలైనవాటికి, ఏ క్రెడిట్ కార్డును తగదు. వారు బ్యాంకునుండి వ్యాపార ఋణమో, ఓవర్‌డ్రాఫ్టో కోరవలెను. కాగితములు హెచ్చుగ అడుగుదురు, నిజమే. కాని ఆ అప్పుల వడ్డీ సాధారణముగ కార్డు వడ్డీలో సగమునకంటె తక్కువగ ఉండును. తిరుగుటకు బద్ధకించి నలుబదిరెండు శాతము కట్టుట వర్తకుని లక్షణము కాదు.

ఏ కార్డు తీసికొన్నను సంతకమునకు ముందు బ్యాంకువారిని అయిదు ప్రశ్నలు అడుగుడు. వార్షిక రుసుము ఎంత, ఎప్పుడు మాఫీ యగును? వడ్డీ నెలకు కాక సంవత్సరమునకు ఎంత? ఈ బాకీ వివరము నా సొంత పరపతి పద్దులో నమోదగునా? నేను సొంత హామీ వ్రాయుచున్నానా? బ్యాంకు ఇచ్చు బిల్లుపై నా జి.ఎస్.టి. సంఖ్య వచ్చునా? ఈ అయిదింటికి కాగితముమీద జవాబు వచ్చినచోనే సంతకము చేయుడు. నోటిమాట కార్డు అమ్మినవానితోనే వెళ్ళిపోవును. కాగితము మీవద్ద ఉండును.

కార్డులు రెండైనను, అవి ఉన్న జేబు ఒక్కటే. దుకాణములో రద్దీగ ఉన్నప్పుడు చేతికందిన కార్డు గీయుట సహజము. ఎప్పుడైన ఇంటి ఖర్చు అంగడి కార్డుపై పడినచో కంగారుపడనక్కరలేదు. ఆ రాత్రియే ఆ మొత్తమును ఇంటి ఖాతానుండి అంగడి ఖాతాకు మార్చి, "సొంతవాడకము" అని ఒక పద్దు వ్రాయుడు. అంగడి ఖర్చు ఇంటి కార్డుపై పడినచో అట్లే తిరుగ వ్రాయుడు. చేతిలో ఉన్నది ఇత్తడి పిడి గల గల్లా పెట్టె అయినను, అట్టముక్కంత కార్డు అయినను, ఆ పద్దు వ్రాయు చేయి మనదే కదా. వ్యాపార కార్డు ఆ పనిని తేలిక చేయగలదు గాని, మనకు బదులుగ అది వ్రాయలేదు.